జెఫైర్ ఓవర్‌లేలు, వెర్షన్ల గోల: ఇన్నేళ్ల వాడకం తర్వాత

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత, తేమ రికార్డు చేసే చిన్న పెట్టెలు చేస్తాం మేము. బ్రాడీపేటలో మేడ మీద రెండు గదులు, ముగ్గురం మనుషులం. 2021 చివర్లో, జెఫైర్ (చిన్న చిప్‌ల మీద నడిచే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 2.7 వెర్షన్ వచ్చిన కొత్తలో అందులోకి దిగాం, ఇప్పటికీ అందులోనే ఉన్నాం.

ముందు నచ్చిన సంగతి. అంతకుముందు ఏ పిన్ను దేనికో సీ కోడ్‌లో పది చోట్ల డిఫైన్లు పెట్టుకునేవాళ్లం, బోర్డు మారితే అన్నీ వెతుక్కోవాలి. ఇక్కడ హార్డ్‌వేర్ వివరమంతా డివైస్ ట్రీ ఫైల్లో ఉంటుంది, మనకు కావలసిన మార్పు ఓవర్‌లేలో, అంటే దాని మీద పరిచే చిన్న ఫైల్లో, రాసుకుంటే సీ కోడ్ ముట్టుకోనక్కర్లేదు. ఒకసారి బీఎంఈ280 (ఉష్ణోగ్రత, తేమ కొలిచే) సెన్సర్లు ఎప్పుడూ కొనే చోట దొరక్క ఇంకో చోట తెప్పిస్తే, వాటికి ఎస్‌డీఓ కాలు పైకి కట్టి ఉంది, అంటే ఐ2సీ (సెన్సర్ చిప్‌తో మాట్లాడే తీగల) అడ్రసు హెక్స్‌లో 76 కాదు, 77. ఓవర్‌లేలో ఆ సెన్సర్ వివరం ఉండే ఒక్క నోడ్ మార్చాం, సాయంత్రానికి పెట్టెలు యార్డు వైపు వెళ్లిపోయాయి. ఆ ఒక్క రోజుతోనే నాకు దీని మీద గురి కుదిరింది.

నేర్చుకునేటప్పుడు మాత్రం ఏడిపిస్తుంది. ప్రాపర్టీ పేరు తప్పు రాస్తే బిల్డ్ అక్కడే ఆపి చెప్తుంది, బాగుంది. కానీ ఏ డ్రైవర్ వాడాలో చెప్పే కంపాటిబుల్ పేరులో ఒక్క అక్షరం తప్పినా, స్టేటస్ ఓకే అని పెట్టడం మరిచినా, డ్రైవర్‌ని కేకాన్ఫిగ్‌లో (ఏమేం కావాలో చెప్పే సెట్టింగుల్లో) ఆన్ చేయకపోయినా, చివర్లో ముక్కలన్నీ కలిపే లింకర్ దగ్గర ఆర్డ్ అని ఏదో నంబరుతో ఒక ఎర్రర్ వస్తుంది చూడండి, అది చూసి కొత్తవాడు ఏం అర్థం చేసుకుంటాడు? ఆ నంబరు ఏ నోడ్‌దో బిల్డ్ ఫోల్డర్‌లో తయారైన డివైస్ ట్రీ హెడర్‌లో కామెంట్ల రూపంలో ఉంటుంది. నాకది తెలియడానికి ఆరు నెలలు పట్టింది.

ఇక వెర్షన్లు. 2024 సీజన్‌లో, స్టోరేజీలు నిండుతున్న రోజుల్లో, కొత్తగా చేరిన తమ్ముడు విజయవాడ నుంచి ఫోన్ చేశాడు: "అన్నా, నా ల్యాప్‌టాప్‌లో బిల్డ్ అవ్వట్లేదు." నా దగ్గర అదే కోడ్ శుభ్రంగా అవుతోంది. చూస్తే మా వెస్ట్ (జెఫైర్ కోడ్ దించే టూల్) మానిఫెస్ట్‌లో, అంటే ఏ కోడ్ ఏ వెర్షన్ కావాలో రాసే ఫైల్లో, రివిజన్ దగ్గర మెయిన్ అని ఉంది, అంటే ఎప్పటికప్పుడు మారే తాజా కోడ్. నేను పెట్టిందే. నేను ఎప్పుడో అప్‌డేట్ కొట్టి ఊరుకున్నాను, అతను ఆ రోజు కొట్టాడు, మధ్యలో జెఫైర్ బోర్డులను వర్ణించే పద్ధతే మారిపోయింది. ఆర్కిటెక్చర్ పేరు మీద ఉండే బోర్డు ఫోల్డర్లు తయారీదారు పేరు మీదికి వెళ్లాయి, ప్రతి బోర్డుకూ కొత్తగా ఒక వైఎంఎల్ ఫైలు కావాలి, మా సొంత బోర్డుకు అది లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు రెండు రోజులు టూల్‌ని తిట్టుకున్నాం కానీ తప్పు మాదే. పాత బోర్డు ఫైళ్లను కొత్త పద్ధతికి మార్చే స్క్రిప్టు వాళ్లే ఇచ్చారు, సగం పని అది చేసింది, మిగతాది చేత్తో దిద్దుకున్నాం.

ఆ జూలైలో 3.7 రాగానే రివిజన్‌ని ఆ ట్యాగ్‌కు కట్టేశాం, అది దీర్ఘకాలం సపోర్ట్ ఉండే విడుదల. ఎస్‌డీకే (కంపైలర్లు, టూల్స్ ఉండే మూట) వెర్షన్ కూడా రీడ్‌మీలో రాస్తున్నాం. మానిఫెస్ట్‌లో మాకు అవసరమైన మాడ్యూళ్లకే అనుమతి ఇచ్చాం, లేకపోతే వెస్ట్ అప్‌డేట్ అక్కర్లేని కంపెనీల చిప్‌ల కోడ్ కూడా దించుతుంది, మధ్యలో కరెంటు పోతే ఇక చెప్పక్కర్లేదు. కొత్త ఓవర్‌లే ఫైలు పెట్టినప్పుడు పాత బిల్డ్ ఫోల్డర్ మీదే మళ్లీ బిల్డ్ కొడితే దాన్ని పట్టించుకోకపోవచ్చు, పాతదంతా తుడిచి మొదటి నుంచి ప్రిస్టీన్ బిల్డ్ చేయాలి. ఇది మరిచి ఒక మధ్యాహ్నం పోగొట్టుకున్నాను.

అన్నిటికంటే పనికొచ్చిన అలవాటు వేరే ఉంది. ఓవర్‌లేలన్నీ కలిశాక బిల్డ్ ఫోల్డర్‌లో జెఫైర్ డీటీఎస్ అని చివరి ఫైలు ఒకటి మిగులుతుంది, ప్రతి బ్యాచ్ ఫర్మ్‌వేర్‌తో పాటు దాన్నీ దాస్తున్నాం. ఫలానా స్టోరేజీలో పెట్టె పలకట్లేదని ఫోనొస్తే, ఆ బ్యాచ్ డీటీఎస్‌నీ ఇప్పటిదాన్నీ డిఫ్ కొట్టి తేడాలు చూస్తాం. ఏ సెన్సర్ ఏ అడ్రసులో ఉందో, ఏ పిన్ను మారిందో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

4.0 వచ్చింది, ఆ తర్వాతవీ వచ్చాయి, తమ్ముడు మారదామంటున్నాడు. సీజన్ దాటాక, వేరే బ్రాంచ్‌లో, ఒక్క పెట్టె మీద చూద్దామన్నాను.