కాంగ్రెస్.గవ్‌లో జడ్జి నామినేషన్లు: బ్లూ స్లిప్ ఒక్కటే లోటు

అమెరికా సెనేట్‌లో జడ్జి నియామకాల పోరు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడానికి నేను మొదట చెప్పేది అమెరికా కాంగ్రెస్ అధికారిక వెబ్‌సైట్ కాంగ్రెస్.గవ్. ‘నామినేషన్స్’ ఎంచుకుని, పేరు కొట్టి, ‘యాక్షన్స్’ తెరవండి. సుప్రీంకోర్టు జడ్జి పదవికి నామినేట్ అయిన నీల్ గోర్సచ్ పేజీలో 2017 ఏప్రిల్ 6న చర్చ ముగింపు తీర్మానం 60 ఓట్లు రాక 55-45తో వీగడం, నిబంధన మార్చాక అదే రోజు అదే 55-45తో నెగ్గడం, మర్నాడు 54-45తో ఆమోదం వరసగా కనిపిస్తాయి. సుప్రీంకోర్టు నామినేషన్లపై ఫిలిబస్టర్ (చర్చ సాగదీసి ఓటింగును అడ్డుకునే ఎత్తు) కూలిన తీరు కళ్లకు కడుతుంది.

చాలామంది పొరబడేది ఒక్క చోటే. సెనేట్ తిప్పి పంపిన పేరును అధ్యక్షుడు మళ్లీ పంపితే కొత్త పీఎన్ నంబరు (నామినేషన్‌కు ఇచ్చే వరస సంఖ్య) పడుతుంది. పాత పేజీలో ‘రిటర్న్‌డ్’ అని చూసి కథ ముగిసిందనుకోకండి, పేరుతో మళ్లీ వెతకండి.

అసలు లోటు బ్లూ స్లిప్పులది, అంటే నామినేషన్‌పై సొంత రాష్ట్ర సెనేటర్లు సమ్మతి తెలిపే పత్రాలది. ఆ సెనేటర్ స్లిప్ ఇవ్వక ఫెడరల్ జిల్లా జడ్జి పేరు సెనేట్ జ్యుడీషియరీ కమిటీలో ఆగినా, ఇక్కడ కారణం కనిపించదు. ‘కమిటీకి పంపారు’ అన్న ముక్కే ఉంటుంది. ఇది చేర్చి తీరాలి.