చెక్కపెట్టె కనికట్టు: నాలుగేళ్ల వాడకం తర్వాత

నాలుగేళ్లుగా మా ఇంటి భోజనాల బల్ల మీద రెండు శనివారాలకు ఒకసారి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాచికలతో కథ నడిపే ఆట సాగుతోంది. అందులో నా పాత్ర అయిన నోమ్ విజార్డ్ (పొట్టి జాతి మంత్రగాడు) నోట అన్నిటికన్నా ఎక్కువసార్లు పలికిన మంత్రం మైనర్ ఇల్యూజన్. దాని మీద నాకున్న మమకారం అంతా ఇంతా కాదు. కానీ యుద్ధంలో దాన్ని అడ్డుగా పెట్టుకోవచ్చా అన్న ఒక్క విషయంలో మా డీఎం (ఆట నడిపి తీర్పు చెప్పేవాడు) మీద, అంటే మా బావమరిది మీద, రెండు నెలల పాటు మొహం ముడుచుకుని తిరిగాను. ఆ మంత్రం లేని వస్తువును ఉన్నట్టు చూపిస్తుంది; చెయ్యి పెడితే దూరిపోతుంది, మాయ అని తెలిసినవాడికి పలచగా కనిపిస్తుంది. ఇక నేరుగా ఆ రోజు దగ్గరికే వస్తాను.

ఎండిపోయిన చెరువు మధ్యలో ఉన్నాం. ఎదురుగా క్రాస్‌బోలు పట్టుకుని ముగ్గురు దొంగలు. నాకు మిగిలిన ప్రాణం తొమ్మిది హిట్ పాయింట్లు. దాక్కుందామంటే చెట్టూ లేదు, పుట్టా లేదు. నా వంతు రాగానే అయిదడుగుల చెక్కపెట్టెను సృష్టించి దాని వెనక ముడుచుకుని కూర్చున్నాను. తుప్పు పట్టిన ఇనుప పట్టీ, మూల దగ్గర చీలిన పలక, బయటికి పొడుచుకొచ్చిన మేకు, అన్నీ వర్ణించాను. “పూర్తి అడ్డు. ఇక నన్ను గురి పెట్టలేరు” అని కుర్చీలో వెనక్కి వాలాను.

“మొదటి దొంగ పెట్టె మీదికే కొడుతున్నాడు బావా” అన్నాడు మా బావమరిది.

“పెట్టెను ఎందుకు కొడతాడు?”

“ఇంతసేపూ అక్కడ ఒక నోమ్ ఉన్నాడు. ఇప్పుడు పెట్టె ఉంది. వాడు దొంగే కానీ గుడ్డివాడు కాదు కదా. మీరు కనపడటం లేదు కాబట్టి డిజడ్వాంటేజ్ ఇస్తాను, అంతే.”

ఇరవై ముఖాల పాచికలు రెండు దొర్లాయి. ఒకటి 17, ఇంకొకటి 9. తక్కువదే లెక్క. 9కి దొంగ నైపుణ్యం 3 కలిపితే 12. నా ఆర్మర్ క్లాస్, అంటే నాకు దెబ్బ తగలాలంటే రావాల్సిన అంకె, సరిగ్గా 12. బాణం తగిలి అయిదు హిట్ పాయింట్లు పోయాయి. నిజం పెట్టె అయితే ముప్పాతిక అడ్డు కింద నాకు 5 కలిసి 17 అయ్యేది, సగం అడ్డు కింద 2 కలిసినా బతికిపోయేవాణ్ని అని గొంతు పెంచాను. “బాణానికి కళ్లు లేవు బావా, కనికట్టు దేనికి కడతారు?” అన్నాడు. మా ఆవిడ పక్కకి తిరిగి నవ్వుకుంది. అంతటితో అయిందా అంటే, లేదు. చెక్కలోంచి బాణం దూసుకుపోవడం మిగతా ఇద్దరూ చూశారు కాబట్టి వాళ్లకు పెట్టె పలచబడిపోయిందన్నాడు. రెండో దొంగకు డిజడ్వాంటేజ్ కూడా లేదు. పాచిక మీద 15. నోమ్ నేల మీద. మా ఆవిడ ఆడే రోగ్ (చాటుగా దెబ్బ తీసే పాత్ర) పరుగెత్తుకొచ్చి నా గొంతులో మందు పోయకపోతే ఈ సమీక్ష ఇంకో మంత్రం గురించి ఉండేది.

కోపం మీద నిబంధనల పుస్తకం తిరగేశాను. (మేము ఇంకా 2014 నాటి పుస్తకంతోనే ఆడుతున్నాం. 2024 నాటిది కొన్నాం, అట్ట కూడా నలగలేదు.) నా పొరపాటు భాషలోనే ఉందని తేలింది. మన దగ్గర అడ్డు వేరు, మరుగు వేరు. గోడ అడ్డు, పొగమంచు మరుగు. నిబంధనల్లో కవర్ అంటే అడ్డు, వచ్చే దెబ్బను ఆపేది. నా పెట్టె చూపును తప్ప దేన్నీ ఆపదు, కాబట్టి అది మరుగు మాత్రమే.

ఇంకా ఉడుకుతూ లెక్క కూడా వేశాను. ఆ దొంగ నన్ను కొట్టాలంటే పాచిక మీద 9 గానీ ఆ పైన గానీ రావాలి, అంటే మామూలుగా నూటికి 60 సార్లు. నేను అడిగిన ముప్పాతిక అడ్డు ఇచ్చి ఉంటే 35. బావమరిది ఇచ్చిన డిజడ్వాంటేజ్‌తో 36. రెండు నెలల అలక ఒక్క శాతం కోసమన్నమాట! అయితే ఇది మొదటి బాణం వరకే. గోడ రెండో బాణానికీ గోడే. నా పెట్టె ఒక్క బాణానికి సరిపడా సరుకు.

ఆ తర్వాత మరుగును మరుగులాగే వాడటం నేర్చుకున్నాను. మ్యాజిక్ మిస్సైల్ అనే దాడి మంత్రం వేసే మంత్రగాడు ఎదురైనప్పుడు చూడాలి తమాషా. ఆ మంత్రానికి గురి తప్పడమనేదే లేదు, ముప్పాతిక అడ్డున్నా తగిలి తీరుతుంది. కానీ వేసేవాడికి మనిషి కనపడాలి. నేను పెట్టె వెనక ఉన్నంతసేపూ వాడు పళ్లు కొరుకుతూ నిలబడ్డాడు. చివరికి ఒక వంతు ఖర్చుపెట్టి పెట్టెను పరీక్షించాడు, మాయ అని పట్టేశాడు కూడా. పట్టినా పరవాలేదు. ఆ ఒక్క వంతులో మా ఆవిడ వాడి వెనక్కి చేరుకుంది. ఇంకోసారి ఆవిడే పెట్టె వెనక దాక్కుంది. ముందుగా అందులో చెయ్యి పెట్టి చూస్తే ఆవిడకు అది పలచబడుతుందని మా బావమరిది ఒప్పుకున్నాడు. ఆవిడ అవతలివాళ్లను చూస్తుంది, వాళ్లు ఆవిడను చూడలేరు. అడ్వాంటేజ్‌తో (రెండు పాచికల్లో ఎక్కువదే లెక్క) ఒక బాణం, దానికి తోడు స్నీక్ అటాక్ అనే రోగ్ అదనపు దెబ్బ. బాణం బయటికి రాగానే గుట్టు రట్టయిందనుకోండి.

మొదట్లో దీన్ని అన్నిటికీ మందని అందరికీ చెప్పేవాణ్ని. ఆ మాట కొంచెం తగ్గించుకోవాలి. ఫైర్‌బాల్ అనే మంటల మంత్రం పడితే నిజం రాయి డెక్స్టెరిటీ సేవ్‌కు, అంటే తప్పించుకోవడానికి వేసే పాచికకు, సాయపడుతుంది, నా పెట్టె నాతో పాటే వెలుగులో కలిసిపోతుంది. తోడేళ్లకు వాసన చాలు, పెట్టె చుట్టూ తిరిగి వచ్చాయి. పైగా మంత్రానికి ఒక వంతు పోతుంది. తొమ్మిది హిట్ పాయింట్లు ఉన్నవాడు ఆ వంతులో పారిపోవడమే మేలని ఆ రోజు నాకు తోచలేదు.

కొంటారా అంటే, ఇది క్యాంట్రిప్ (ఎన్నిసార్లయినా వేయగల చిన్న మంత్రం) కాబట్టి ఖర్చేమీ లేదు. నేనైతే వదులుకోను. కాకపోతే మాది నలుగురి ఆట, డీఎం ఇంట్లోవాడు, అలిగినా అన్నం పెట్టేది మా ఇంట్లోనే. కొత్త బల్ల దగ్గర కూర్చునేవాళ్లు పెట్టె వెనక దూరకముందే డీఎంను అడగండి: బాణం తగిలితే ఏమవుతుంది, పెట్టె ప్రత్యక్షమవడం శత్రువు చూస్తే ఏమవుతుంది అని. దెబ్బను అడ్డుకునే షీల్డ్ మంత్రం మిగిలి ఉన్నవాళ్లకు ఇదంతా అవసరం లేకపోవచ్చు కూడా.

మా నోమ్ ఇప్పుడు తొమ్మిదో స్థాయిలో ఉన్నాడు. ఇల్యూజన్ శాఖ విజార్డుకు పద్నాలుగో స్థాయిలో మాయలోని ఒక వస్తువును నిమిషం పాటు నిజం చేసే శక్తి వస్తుంది. ఆ రోజు నా చెక్కపెట్టె నిజంగానే చెక్కపెట్టె అవుతుందని నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నాను. మొన్న ఆ పేజీ మళ్లీ చదివాను. ఒకటో స్థాయి, ఆ పై మంత్రాలకే వర్తిస్తుందట, క్యాంట్రిప్‌లకు కాదు. ఫోను చేసి చెబితే మా బావమరిది ఈ సంగతి రెండేళ్ల కిందటే చూశానన్నాడు. మీ ఉత్సాహం చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాడట.