కొనే ముందు స్పితిలో నడిపి చూశాము: మూడు బైకులు, ఒక అద్దె దుకాణం

షోరూమువారి టెస్ట్ రైడ్ విజయవాడలో బందరు రోడ్డు మీద రెండు కిలోమీటర్లలో ముగిసిపోతుంది. వాగులో దిగినప్పుడు, గులకరాళ్ల మీద మలుపు తిరిగినప్పుడు, గాలి పలచబడిన చోట పడిపోయినప్పుడు బండి ఎలా ఉంటుందో అక్కడ తెలియదు. అందుకే సెప్టెంబరులో నేను, మా బావ, ఆఫీసు మిత్రుడు ఒకరు హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలీ వెళ్లి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, హిమాలయన్ 450, పాత 373 సీసీ కేటీఎం 390 అడ్వెంచర్ అద్దెకు తీసుకున్నాము. వాటిని ఒకరి తరువాత ఒకరం మార్చుకుంటూ గ్రాంఫూ, బాతల్, కుంజుమ్ కనుమ మీదుగా స్పితి లోయలోని ముఖ్య పట్టణం కాజా వరకు నడిపాము.

బండ్ల కంటే ముందు ఆ దుకాణం సంగతి చెప్పాలి. 411కు రోజుకు 1,500 రూపాయలు, 450కి 2,200, కేటీఎంకు 2,300, ఒక్కో బండికి 5,000 డిపాజిట్ తీసుకున్నారు. 411 వెనక టైరు నడిమధ్య గాట్లు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. మార్చమని అడిగితే, అదే టైరుతో బండి నిన్ననే లేహ్ నుంచి వచ్చిందని యజమాని గొంతు పెంచాడు. రెండు ట్యూబులు, పంపు, టైరు లీవర్లు ఉన్నాయని చెప్పి ఒక సంచి కట్టించాడు. ఛత్రూ దాటాక వెనక టైరు పంక్చరై సంచి విప్పితే అందులో ఉన్నవి ఒక పంపు, ఒక పాత ట్యూబు మాత్రమే. ఆ దారిలో పంక్చరు దుకాణం లేదు. అటుగా వచ్చిన లారీ డ్రైవరు ఆగి తన లీవర్లు ఇచ్చాడు, దగ్గరుండి చక్రం విప్పించాడు, డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. ఈలోగా మధ్యాహ్నమైంది, ఎండకు మంచు కరిగి వాగుల్లో నీరు పెరిగింది. ఈ దారిలో వాగులన్నీ ఉదయమే దాటేయాలని అందరూ చెప్పేది ఇందుకే. బావ ఆ సాయంత్రం వరకు ఎవరితోనూ మాట్లాడలేదు.

టైరు అరగడం దుకాణం నిర్వాకమే అయినా, చక్రం గురించి తెలుసుకోవలసినది అక్కడే తెలిసింది. 411కు ఊచల చక్రం, లోపల ట్యూబు ఉంటాయి. పంక్చరైతే చక్రం ఊడదీయక తప్పదు, దానికి సెంటర్ స్టాండు ఉండబట్టి ఆ పనైనా సాధ్యమైంది. కేటీఎం అల్లాయ్ చక్రానికి ట్యూబు లేదు కాబట్టి చిల్లు పడితే పైనుంచే ప్లగ్గు దూర్చి గాలి కొట్టుకోవచ్చు, కానీ అల్లాయ్ రాయికి గట్టిగా తగిలితే వంగిన అంచును దారిలో సరిచేయడం కష్టం. హిమాలయన్ల ముందు చక్రం 21 అంగుళాలు, మేము నడిపిన కేటీఎంది 19. రాళ్ల గుట్టల మీద ఆ రెండంగుళాల తేడా చేతులకు తెలుస్తుంది.

శక్తి లెక్క వేరు. 4,500 మీటర్లు దాటిన కుంజుమ్ మీద గాలి సాంద్రత దాదాపు 40 శాతం తగ్గుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు పాళ్లను సర్దగలదు గాని, లేని ప్రాణవాయువును తేలేదు. విజయవాడలో 24 గుర్రాల శక్తి ఉన్న 411 అక్కడ 14 దగ్గరికి దిగుతుంది. 40 గుర్రాల 450 అదే చోట సుమారు 24 ఇస్తుంది. అంటే కుంజుమ్ మీది 450, మన ఊళ్లోని 411తో సమానం. సామానుతో ఎత్తు ఎక్కుతుంటే రెండో గేరులో 450 లాగే తీరు చూశాక నాకు వేరే ఆలోచన రాలేదు.

బావకు మాత్రం సీటు ఎత్తే ముఖ్యం. ఆయన అయిదడుగుల మూడంగుళాల మనిషి. 411 సీటు 800 మిల్లీమీటర్లు, 450ది 825, కేటీఎంది 855. వాగు మధ్యలో కేటీఎం మీద కాలు ఆనక ఆయన పక్కకు ఒరిగిపోయారు. బండి మూడింటిలోనూ తేలికైనది కాబట్టి మేమిద్దరం లేపగలిగాము. దాదాపు 200 కిలోల హిమాలయనైతే ఆ ఎత్తులో లేపేసరికి ఆయాసంతో కూలబడేవాళ్లము. “నేలకు కాలు అందని బండి ఎంత గొప్పదైనా నాకొద్దు బావా” అని బావ తేల్చి చెప్పారు. పొట్టివారు సీసీల లెక్కల కంటే ముందు సీటు మీద కూర్చుని చూడాలని నా గట్టి సలహా.

కాజాలో 2,500 రూపాయల హోటలు గదిలో వేడినీళ్లు రాలేదు. దగ్గరలోని లాంగ్జా గ్రామంలో మనిషికి 1,200కే హోమ్‌స్టేవారు రాత్రి భోజనం, ఉదయం ఫలహారం, మందపాటి రజాయిలు ఇచ్చారు. ఆ ఇంటి వేడి థుక్పా (నూడుల్స్ సూప్) తాగాకే బావ ముఖంలో నవ్వు కనిపించింది. పెట్రోలు కాజాలో దొరుకుతుంది. మనాలీ అక్కడికి 200 కిలోమీటర్ల లోపే కాబట్టి, ట్యాంకు నింపుకుంటే మూడింటిలో దేనికీ డబ్బాలు మోయనక్కరలేదు.

తిరిగి వచ్చాక దుకాణదారు 411 లెగ్ గార్డు మీది గీతలకు 4,000 కోస్తానన్నాడు. బయలుదేరే ముందు మా మిత్రుడు తీసిన వీడియోలో ఆ గీతలు స్పష్టంగా ఉన్నాయి. అది చూపించాక మాట మార్చి, చైను, వాషింగు అంటూ 1,500 పట్టుకున్నాడు. మనాలీలో అద్దెకు తీసుకునేవారు టైర్లు, చైను, సంచిలోని సామాను అన్నీ యజమాని ముందే వీడియో తీసి, రసీదులో రాయించుకున్నాకే డబ్బు చెల్లించాలి.

నేను ట్యూబులెస్ ఊచల చక్రాలున్న 450 బుక్ చేశాను. 411 తయారీ ఆగిపోయింది కనుక బావ హైదరాబాదులో మంచి సెకండ్ హ్యాండు బండి కోసం వెతుకుతున్నారు; దొరికిన వెంటనే ముందుగా టైర్లు రెండూ మార్పిస్తానంటున్నారు.