ఏటీవీ ఫ్రేమ్ పగిలింది, వారంటీ లేదు, పీణ్యలో అతికించుకొచ్చాం

బెంగళూరు పీణ్య ఇండస్ట్రియల్ ఏరియా, సెకండ్ స్టేజ్‌లో ఒక రేకుల షెడ్డు. బయట బోర్డు లేదు. లోపల ఒక పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్లు, మూడు వెల్డింగ్ సెట్లు. ఈ షెడ్డుకి ఐదుకి నాలుగు మార్కులు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించానో కింద చెప్తాను, ముందు బండి సంగతి.

మా మేనమామకి కోలారు జిల్లా శ్రీనివాసపురం దగ్గర మామిడి తోట ఉంది. ట్రాక్టర్ దూరని చోట చెట్ల మధ్య తిరుగుతుంది, మందు డ్రమ్ము లాగుతుంది అని మూడేళ్ల కింద నేనే వెంటపడి ఏటీవీ (నాలుగు లావు చక్రాల చిన్న బండి) కొనిపించాను. లాగింది కూడా. ఈ ఏడాది మార్చిలో గతుకు ఎక్కినప్పుడల్లా వెనక ఎడమవైపు కటుక్కుమని శబ్దం మొదలైంది. మామేమో "బండన్నాక ఆ మాత్రం చప్పుడు రాదా" అని ఇంకో పది రోజులు తోలాడు. నేను వెళ్లి సీటు తీసి టార్చి వేసి చూస్తే, షాకబ్జార్బర్ పై బోల్టు పట్టే బ్రాకెట్ ఫ్రేమ్ ట్యూబుకి అతుక్కున్న చోట, పెయింటు మీద వెంట్రుకంత గోధుమరంగు గీత. మట్టేమో అనుకుని గుడ్డతో తుడిచాను, పోలేదు. గోటితో గీకితే పెయింటు పెచ్చు లేచొచ్చింది, కింద తుప్పు.

వారంటీ ఏడాదే, అది ఎప్పుడో అయిపోయింది. రోడ్డు రిజిస్ట్రేషన్ లేని బండి కాబట్టి నడుపుకుంటూ రాలేం, టాటా ఏస్‌లో ఎక్కించి బెంగళూరులో సర్వీస్ సెంటర్‌కి తెచ్చాం. పేరు వద్దులెండి. చూడ్డానికే 2,500 తీసుకున్నారు. రెండు రోజులకి వాట్సాప్‌లో మసకగా ఒక ఫొటో, దాని వెనకే ఫోను, "ఫ్రేమ్ చేంజ్ మాడ్లేబేకు సార్", అంటే ఫ్రేమ్ మార్చాల్సిందేనట. ఫ్రేము, లేబరు, 18 శాతం జీఎస్టీ అన్నీ కలిపి 1,72,000. అదీ బయటి నుంచి రావాలి, మూడు నెలలు. మే వచ్చేసరికి మాకు కాయ కోత, కోతంతా అయ్యాక బండి వస్తే దానికి పూజ చేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. పగులు ఎంత పొడవుంది, ఎందుకొచ్చింది అని అడిగితే ఓవర్‌లోడ్ అన్నారు. సరే, ఆ మాటే కాగితం మీద రాసివ్వండి అన్నాను. ఇప్పటికీ రాయలేదు. వెల్డింగ్ మేం చెయ్యం అనడం మాత్రం వాళ్ల వైపు నుంచి న్యాయమే, రేపు అది మళ్లీ విరిగి ఎవరైనా కింద పడితే వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. కానీ చూపించకుండా లక్షా డెబ్బై అడగడం ఏం పద్ధతి?

ఆఫీసులో ఒకతను చెప్తే పీణ్య వెళ్లాను. వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రో, మెజెస్టిక్‌లో మారి గ్రీన్ లైన్, దిగాక ఆటో. పెద్దాయనది హిందూపురం. నేను ఫోన్లో మామతో మాట్లాడుతుంటే విని "మన పక్కోళ్లేనా తమ్ముడూ" అన్నాడు, ఆ తర్వాత కన్నడం అవసరం పడలేదు.

ఆయన చేసిన మొదటి పని నాకు బాగా నచ్చింది. పెయింటు గీకేసి, ఆ చోటంతా క్లీనర్‌తో తుడిచి, ఎర్రటి రంగు స్ప్రే కొట్టాడు. టీ తాగొద్దాం పద అన్నాడు. వచ్చాక రంగంతా తుడిచేసి పైన తెల్ల పౌడరు స్ప్రే కొడితే, చూస్తుండగానే ఆ తెలుపులోంచి ఎర్రగీత ఊరుతూ పైకొచ్చింది, గాయం మీద దూది పెట్టినట్టు. నా కంటికి రెండు సెంటీమీటర్లు కనపడిన పగులు నాలుగున్నర ఉంది. కుడివైపు బాగానే ఉంది కదా అనుకున్నానా, అక్కడా ఒక చిన్న గీత తేలింది. సర్వీస్ సెంటర్ వాళ్లు ఆ వైపు చూడనే లేదు.

తర్వాత పగులు రెండు చివర్లా సన్నటి డ్రిల్లు వేశాడు, గీత ఇంకా ముందుకు పాకకుండా. ఎడమ ట్యూబులో డ్రిల్లు దిగగానే కాఫీ రంగు నీళ్లు బొట్లు బొట్లుగా కారాయి.

"బండి ఎట్ల కడుగుతారు?"

"మోటరు పైపు పెట్టి, వారం వారం."

"లోపల పట్టినాయి చూడు నీళ్లు. పైనుంచి బరువు, లోపల్నించి తుప్పు. ఇంకేం నిలుస్తుంది?"

బరువు సంగతి నాకూ తెలుసు. వెనక ర్యాకు మీద 60 కిలోలని స్టిక్కరు ఉంది, మామ పెట్టేది ఐదు క్రేట్లు, ఒక్కో క్రేటు 20 కిలోలు. లెక్క మీరే వేసుకోండి. దానికి తోడు షాకబ్జార్బర్ బుష్ (బోల్టు చుట్టూ ఉండే చిన్న గొట్టం ముక్క) అరిగిపోయి బోల్టు అందులో ఆడుతోంది, ప్రతి గతుక్కీ బ్రాకెట్‌ని సుత్తితో కొట్టినట్టే. కటుక్కుమన్నది అదే. ఆ బుష్‌లు పక్క సందులో లేత్ షాపులో తిప్పించి ఇచ్చాడు. ఇవి మార్చకుండా వెల్డింగ్ ఒక్కటే చేసుంటే కోత అయ్యేలోపు మళ్లీ పగిలేదని నా అనుమానం.

వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ తీశాడు, ఈసీయూ (ఇంజిన్ని నడిపే చిన్న కంప్యూటర్) కనెక్టర్ తీశాడు, పెట్రోల్ ట్యాంకు దింపి బయట పెట్టించాడు. ఎక్కడ చేయించుకున్నా ఈ మూడూ దగ్గరుండి చూసుకోండి. పగులుని వీ ఆకారంలో గ్రైండ్ చేసి, బోల్టు బిగించి ఉండగానే ట్యాకులు (అక్కడక్కడా చిన్న అతుకులు) వేసి, టేపుతో రెండు మూలలూ కొలిచి, అప్పుడు ఆర్గాన్ గ్యాస్ వెల్డింగ్ పెట్టాడు. ఒకేసారి లాగించలేదు, కాసేపు ఇటు, కాసేపు అటు, లేకపోతే వేడికి ట్యూబు వంకర పోతుందట. పైన వేసిన బలం ప్లేటు నలుచదరంగా ఉంటుందనుకున్నాను, ఆయన రెండు చివర్లూ చేప తోకలా కోశాడు. ట్యూబుకి అడ్డంగా తిన్నటి వెల్డు గీత పడితే తర్వాతి పగులు అక్కడే మొదలవుతుందన్నాడు. మాది ఇనప ట్యూబుల ఫ్రేము. అల్యూమినియం ఫ్రేమైతే ఇలా అతికించడం అంత తేలిక కాదు, వెల్డింగ్ వేడికి ఆ చోట లోహం బలం తగ్గిపోతుంది.

ఇక ఆ తగ్గించిన ఒక్కటి. నాలుగు రోజులన్నాడు, పదకొండు పట్టింది. మధ్యలో ఉగాదికి ఊరెళ్లాడు, వెళ్తున్నానని చెప్పలేదు, ఫోనెత్తలేదు, ఆ మూడు రోజులు బండి విప్పి పడేసి ఉంటే నాకు టెన్షన్. నల్ల పెయింటు వైర్ల మీద కూడా పడింది. గ్యారంటీ అడిగితే నవ్వాడు. బిల్లు మాత్రం మూడుసార్లు అడిగాక ఇచ్చాడు. వెల్డింగ్, ప్లేట్లు 13,000, విప్పి బిగించడానికి 7,500, బుష్‌లకి 1,200. టాటా ఏస్ ఖర్చు అన్ని ట్రిప్పులకీ 11,000, అది వేరే.

వెల్డు పడ్డ చోట మాత్రం నలుపు వెయ్యలేదు, తెల్ల పెయింటు పూశాడు. మళ్లీ పగిలితే తుప్పు గీత తెలుపు మీద వెంటనే కనపడుతుందని. ట్యూబు అడుగున నీళ్లు పోవడానికి చిన్న బెజ్జం కూడా పెట్టాడు. కోత మొదలైంది, మూడు క్రేట్లు దాటకూడదని మామకి గట్టిగా చెప్పాను. ప్రతి ఆదివారం ఆ తెల్ల మచ్చని తుడిచి ఫొటో పంపుతాడు. నిన్నటి ఫొటోలో మచ్చ తెల్లగానే ఉంది, పైన ర్యాకు మీద నాలుగో క్రేటు అంచు కూడా పడింది.