అరకులో దగా, మారేడుమిల్లిలో విందు: బొంగులో చికెన్ కోసం ఐదు రోజులు

బొంగులో చికెన్ అంటే పచ్చి వెదురు గొట్టంలో కోడి ముక్కలు పెట్టి మంట మీద వండేది. అది అసలైనదో కాదో తెలుసుకోవడానికి ఫోన్ టార్చ్ చాలు. అరకులో ఒక దుకాణం ముందు మా ఆయన ఖాళీ బొంగులోకి టార్చ్ వేసి చూశారు. అడుగున పాత మసాలా పెచ్చులు కట్టి, వెదురు గోడకు అంటుకుపోయి ఉంది. ఆ పూట వండింది అలా ఎండిపోదు. అంటే రోజుల తరబడి అదే బొంగులో చికెన్ కూరి అమ్ముతున్నారన్నమాట. అప్పటికే మేం సగం పైగా తినేశాం.

ఆ కోపం ఇంకా తగ్గలేదు. అయితే అదే ట్రిప్‌లో నాలుగో రోజు మారేడుమిల్లిలో తిన్న బొంగు చికెన్ గురించి చెప్పకపోతే ఆ వండిన మనిషికి అన్యాయం చేసినట్టే. అందుకని రెండూ రాస్తున్నాను.

మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. వెళ్లింది నేను, మా ఆయన, నాలుగో తరగతి చదివే మా బాబు, మా అత్తయ్య. నిప్పుల మీద కాలిన మాంసమంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. రాతి పలక మీద కాల్చే పత్తర్ కా గోష్ కోసం సెలవు దొరికినప్పుడల్లా పాతబస్తీ దాకా వెళ్తాం. బొంగులో చికెన్ మాత్రం సిటీ హోటళ్లలో కాకుండా, అది పుట్టిన మన్యంలోనే తినాలని మా ఆయన పట్టు. కార్తీకమాసమంతా అత్తయ్య నీచు ముట్టరు కాబట్టి అది అయ్యాక, డిసెంబరు రెండో వారంలో బయల్దేరాం.

విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కాం. సొరంగం వచ్చిన ప్రతిసారీ బాబు కేకలు పెడుతుంటే బొర్రా దాకా హాయిగా గడిచిపోయింది.

బొర్రా గుహల బయట వరసగా బొగ్గుల పొయ్యిలు ఉంటాయి. చువ్వలకు గుచ్చి కాల్చే చికెన్ ముక్కల్ని ఇక్కడ చీకులు అంటారు. గుహలు చూసి మెట్లెక్కి వచ్చేసరికి కాళ్లు లాగుతాయి, ఆ పొగ వాసనకి ఆకలి రెండింతలవుతుంది. పుల్ల 40 రూపాయలు, పుల్లకు ఐదు ముక్కలు, ఉల్లిపాయ, నిమ్మచెక్క. ఎనిమిది పుల్లలకు 320 అయింది. అంచులు కొద్దిగా మాడి, లోపల మెత్తగా, బాగున్నాయి. ఒక్క జాగ్రత్త: కొన్ని పొయ్యిల దగ్గర ముక్కలు మిఠాయి రంగులో ఎర్రగా మెరుస్తుంటాయి. అది కారం కాదు, రంగు. మసాలా మామూలు రంగులో కనిపించే పొయ్యి దగ్గరే ఆగండి. అక్కడి నుంచి అరకుకి జీపు మాట్లాడుకున్నాం, 1,200.

అరకు లాడ్జి గురించి ఎక్కువ చెప్పను. ఆన్‌లైన్‌లో లోయ కనిపించే కిటికీ ఫొటో పెట్టారు, గదికి 2,600. తీరా తలుపు తీస్తే కిటికీ ఎదురుగా పక్క బిల్డింగ్ నీళ్ల ట్యాంకు. గీజర్ లేదు, వేడినీళ్లు బకెట్ 40 రూపాయలు. ఆ చలిలో అది కొనుక్కోక తప్పదని వాళ్లకూ తెలుసు.

ఇక ఆ దుకాణం. పేరు రాయను గానీ జరిగింది మాత్రం పూర్తిగా రాస్తాను. ఆదివారం సాయంత్రం, ఎక్కడ చూసినా కార్లే. అరకిలో బొంగు 350 అన్నారు, రెండు చెప్పాం. తూకం మా ముందు వేయలేదు. “లోపల రెడీగా ఉంది సార్, పది నిమిషాల్లో ఇచ్చేస్తాం” అన్నాడు కుర్రాడు. ఆ మాటకే లేచి వచ్చేయాల్సింది. పచ్చి మాంసం బొంగులో ఉడకాలంటే ముప్పావు గంటైనా పడుతుంది. కానీ బాబు ఆకలికి ఏడుపు మొహం పెట్టాడు, మా ఆయన అప్పటికే ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. కూర్చున్నాం.

మంట మీద నల్లటి బొంగులు పేర్చి ఉన్నాయి. రెండు తెచ్చి ప్లేట్లలోకి వంచారు. ముక్కల వెంట ఎర్రటి నూనె కారింది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. బొంగులో చికెన్‌కి నూనె వేయరు, నీళ్లు పోయరు. పచ్చి వెదురులో ఉండే చెమ్మే వేడికి ఆవిరై, మూసిన బొంగులోంచి బయటికి పోలేక మాంసాన్ని మగ్గిస్తుంది. కోడికి ఉన్న కొవ్వు కాస్త కరిగి మెరుస్తుంది గానీ గ్రేవీ ఉండదు. మాకు పెట్టింది కర్రీ పాయింట్ కూరలాగే ఉంది, పొగ వాసన కూడా లేదు. లెక్కపెడితే రెండు బొంగుల్లో కలిపి పదమూడు ముక్కలు, అందులో మూడు ఉత్త మెడ, వీపు ఎముకలు. 700 పెట్టి కొన్న కిలో అది.

మా ఆయన టార్చ్ వేసింది అప్పుడే. ఆ బొంగు పట్టుకుని యజమాని దగ్గరికి వెళ్లాం. ఆయన కంగారు పడలేదు కూడా. “రష్‌లో అందరూ ఇంతే మేడం. గిన్నెలో వండేసి బొంగులో వేడి చేసి ఇస్తాం” అన్నాడు. వాడిన బొంగులు మళ్లీ ఎలా వాడతారని అడిగితే, “కడుగుతాం కదా” అన్నాడు. అంత సన్నటి గొట్టంలో చెయ్యి ఎక్కడ దూరుతుంది, ఏం కడుగుతారు? గట్టిగా అడిగితే 200 వెనక్కి ఇచ్చాడు. పక్క టేబుళ్ల వాళ్లు విన్నారు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు, మిగతావాళ్లు తింటూనే ఉన్నారు.

డబ్బు సంగతి అలా ఉంచండి. నన్ను ఎక్కువ బాధపెట్టింది అత్తయ్య మొహం. “ఎవరెవరో తిన్న బొంగులో పెట్టినది నా చేత తినిపించారా” అని ఒక్క మాట అని ఊరుకున్నారు. గదికి రాగానే ఆ 40 రూపాయల బకెట్ తెప్పించుకుని, అంత చలిలో తలస్నానం చేశారు. ఇంటి నుంచి తెచ్చిన మామిడికాయ పచ్చడితో రెండు ముద్దలు పెరుగన్నం తిని అటు తిరిగి పడుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం దాకా కొడుకుతో మాట్లాడలేదు. మన్యం వెళ్దామన్నది ఆయనే కదా.

అరకు అంతా ఇంతేనని మాత్రం అనుకోకండి. మర్నాడు చాపరాయి వెళ్తుంటే దారిలో ఒక పాక ముందు పచ్చి బొంగులు కోస్తూ కనిపించారు, పొయ్యి పక్కన తక్కెడ కూడా ఉంది. నేను ఆపమన్నాను, అత్తయ్య కారు దిగనన్నారు. 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన అరకు కాఫీ గింజలు పావుకిలో కొనుక్కుని వచ్చేశాం.

బస్సులో విశాఖ, అక్కడి నుంచి రైల్లో రాజమండ్రి. గోదావరి గట్టు మీద కూర్చుని రోజ్ మిల్క్ తాగాక అత్తయ్య కాస్త మామూలయ్యారు.

రాజమండ్రి నుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. గోకవరం, రంపచోడవరం మీదుగా వెళ్లాలి. రెండు రోజులకు కారు 4,500, డ్రైవర్ బత్తాతో కలిపి. రంపచోడవరం దాటాక అడవి మొదలవుతుంది, ఏసీ ఆపి అద్దాలు దించేసుకున్నాం. “ఎక్కడ పడితే అక్కడ ఆగకండి, గోడకి పచ్చి బొంగులు ఆనించి ఉన్న చోట చూడండి” అన్నాడు డ్రైవర్. ఆ మాట మాకు అరకులోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మేం ఆగిన పాక ఊరికి ఇవతలే, పైన తాటాకు, నాలుగు బల్లలు. ఒకావిడ, ఆమె కొడుకు నడుపుతున్నారు. కిలో 600 అంది. కోడిని మా ముందే కోయించి, తూకం వేసి, “చూసుకోండమ్మా” అని ముల్లు చూపించింది. బాబుకి కారం తగ్గించి ఒక బొంగు వేరుగా చేయమంటే సరేనంది. ఎంతసేపు పడుతుందంటే గంట అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ఉప్పు, ధనియాల పొడి, చీల్చిన పచ్చిమిర్చి, నిమ్మరసం. అంతే వేసింది. చేత్తో బాగా పట్టించి ఇరవై నిమిషాలు పక్కన పెట్టింది. ఈలోగా కొడుకు పచ్చి వెదురును కణుపు కింద ఒక కోత, పై కణుపుకు కాస్త కిందగా ఇంకో కోత కోశాడు. అలా కోస్తే అడుగు కణుపుతో మూసుకుని ఉంటుంది, పైన నోరు తెరిచి ఉంటుంది. నీళ్లతో కడిగి, ముక్కలు వేసి, పుల్లతో మెల్లగా అదిమింది. నిండా కూరలేదు, పైన నాలుగు వేళ్లు ఖాళీ ఉంచింది. ఆవిరికి చోటు ఉండాలట. అడ్డాకుల్ని ఉండలా చుట్టి నోట్లో బిగించి, బొంగుల్ని మంట మీద ఏటవాలుగా ఆనించింది.

అత్తయ్య మొదట దూరంగా కుర్చీలోనే కూర్చున్నారు. కాసేపటికి పీట తెప్పించుకుని పొయ్యి దగ్గరికి జరిగారు. బొంగును రెండు మూడు నిమిషాలకోసారి తిప్పుతూ ఉండాలి. ఆకుపచ్చ కాస్తా పసుపుపచ్చగా మారింది, ఆ తర్వాత మంట తగిలిన వైపు నల్లబడింది. అరగంటకి కోసిన అంచు వెంట నీటి బుడగలు వచ్చాయి, చుయ్ చుయ్ మని చప్పుడు. చెరుకు రసం కాగుతున్నట్టు తియ్యటి వాసన. అయిపోయిందా అని బాబు లేచాడు. “అప్పుడే కాదు బాబూ, బొంగు నీరు కక్కడం ఆగాలి, అప్పుడు దించాలి” అంది. అత్తయ్య కూడా ఒక బొంగు తిప్పడానికి చెయ్యి చాచారు. “కాలుద్ది పెద్దమ్మా” అంటూనే గుడ్డ చేతికిచ్చింది.

అడ్డాకు తీయగానే గుప్పుమని ఆవిరి. విస్తరిలోకి వంచితే ముక్కలు ఒకదాని వెంట ఒకటి జారాయి. పసుపు రంగు, పొడి పొడిగా, అడుగున రెండు చెంచాల రసం. ఎముక నుంచి మాంసం వేలితో లాగితే వచ్చేసింది. వెదురు వాసన మొదటి ముద్దలో బాగా తెలుస్తుంది, తర్వాత నిమ్మ, పచ్చిమిర్చి పైకి వస్తాయి. నూనె లేకుండా ఇంత మెత్తగా, ఇంత కమ్మగా ఉంటుందని నేను అనుకోలేదు. అత్తయ్య మాట్లాడకుండా తిన్నారు. మూడో ముక్క దగ్గర మా ఆయన విస్తరిలో ఒక మంచి ముక్క వేశారు. అంతటితో తల్లీకొడుకుల అలక తీరిపోయింది.

తిన్నాక మా ఆయన అలవాటుగా బొంగులోకి టార్చ్ వేశారు. ఆవిడకి అర్థం కాక ఎందుకని అడిగితే అరకు సంగతి చెప్పాం. కత్తి తీసి బొంగును నిలువునా రెండుగా చీల్చి బల్ల మీద పెట్టింది. లోపలి పొర తెల్లగా, పసుపు మరకలతో, తడిగా ఉంది. “ఒకసారి కాలిన బొంగు మళ్లీ నీరు ఎక్కడ ఇస్తాదండీ, పగిలిపోద్ది” అని ఆ చెక్కల్ని పొయ్యిలోకి తోసేసింది.

కిలో చికెన్ 600, అన్నం 80. అన్నీ మంచివే అనను. బొంగు బిర్యానీ 250 పెట్టి చెప్పాం, మెతుకు ముద్దైపోయింది, తీసుకోకండి. రాత్రి బస 1,800, గది శుభ్రంగా ఉంది. జలతరంగిణి జలపాతం దగ్గర బాబు రెండు గంటలు నీళ్లలోనే ఉన్నాడు.

మీరు వెళ్తే ఆదివారం వద్దు, మామూలు రోజు పదకొండు గంటలకల్లా పొయ్యి దగ్గర ఉండండి. పచ్చి బొంగు మీ ముందు కోయాలి, మాంసం మీ ముందు తూచాలి. పది నిమిషాల్లో ఇస్తామంటే అక్కడ కూర్చోవద్దు. ఖాళీ బొంగు చీల్చి చూపించమని అడగండి, మొహమాటం వద్దు. చిన్నపిల్లలుంటే పొట్ట ఖాళీగా వెళ్లకండి, గంటసేపు వాళ్లు ఆగలేరు. మేం వెంట అరటిపళ్లు పెట్టుకున్నాం.

మర్నాడు బయల్దేరేటప్పుడు కారు ఆ పాక దగ్గర ఆపమన్నది అత్తయ్యే. అరకిలో 300. బొంగు మూత తీయకుండా అలాగే ఇమ్మన్నారు. ఆవిడ ఇంకో రెండు అడ్డాకులు బిగించి, గోనెగుడ్డలో చుట్టి ఇచ్చింది. దారి పొడుగునా అత్తయ్య దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నారు. రెండున్నర గంటల తర్వాత రాజమండ్రి ప్లాట్‌ఫాం మీద మూత తీస్తే ఇంకా గోరువెచ్చగా ఉంది.