రాడార్ ఇవ్వడమా, మనిషిని తయారు చేయడమా?

పేద దేశాల వాతావరణ శాఖలకు విదేశీ సాయం ప్రధానంగా రెండు రూపాల్లో అందుతుంది: పరికరాలు, శిక్షణ.

పరికరాలు కంటికి కనిపిస్తాయి. రాడార్ ముందు రిబ్బన్ కత్తిరించవచ్చు, ఫొటో దిగవచ్చు. చిక్కంతా ఆ తర్వాతే. వాతావరణ బెలూన్‌నే తీసుకోండి. రోజుకు రెండు ఎగరేస్తే ఒక్క కేంద్రానికే ఏడాదికి 730 బెలూన్లు, వాటికి కట్టే 730 రేడియోసాండ్లు (పైగాలిలో ఉష్ణోగ్రత, తేమ వంటివి కొలిచి రేడియో ద్వారా కిందికి పంపే చిన్న పరికరాలు) కావాలి. వాటిలో చాలావరకు తిరిగి దొరకవు. బెలూన్లలో నింపే వాయువు, విద్యుత్తు, విడిభాగాల ఖర్చు అదనం. దాత వెళ్లిపోయాక ఈ బిల్లు ఎవరు కడతారు? ఏనుగును దానమిచ్చి మేత సంగతి మరిచినట్టే. 2021లో ఐక్యరాజ్యసమితి సంస్థలు నెలకొల్పిన 'సాఫ్' అనే వాతావరణ పరిశీలనల నిధి, పరికరాలు బిగించడంతో ఆగకుండా నిర్వహణకూ డబ్బివ్వడం ఇందుకే. అయితే ఆ డబ్బు తీసుకునే దేశాలు తమ పరిశీలనలను ప్రపంచంతో పంచుకోవాలి.

శిక్షణకు ఖర్చు తక్కువ. పుణేలోని భారత వాతావరణ శాఖ శిక్షణ సంస్థలో విదేశీ ఉద్యోగులూ చదువుకుంటారు. సముద్ర సమాచారంపై హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) కూడా విదేశీయులకు పాఠాలు చెబుతోంది. తుపాను సరిహద్దులు చూడదు కాబట్టి పొరుగువారికి నేర్పితే మనకూ లాభమే. కాకపోతే నేర్చుకున్నవారు మంచి జీతం దొరికితే వెళ్లిపోతారు. రాడార్ కనీసం రాజీనామా చేయదు.

నా ఓటు శిక్షణకే. కానీ అది ఆ దేశంలో, అక్కడి పాత పరికరాల మీదే జరగాలి.