ట్యాబ్ మీటను నా దారికి తెచ్చుకున్నాక

విజయనగరంలో మండలాలవారీగా పొలాల పటాలు సర్దే పని నాది. రోజంతా టెర్మినల్ ముందే, అంటే ఆదేశాలు టైపు చేసే తెర ముందే. అక్కడ పేరు మొదలుపెట్టి ట్యాబ్ మీట నొక్కితే మిగతా పేరు దానంతటదే పూర్తవుతుంది. ఫోల్డర్ల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. జీ, ఏ కొట్టి ట్యాబ్ నొక్కితే గజపతినగరం, గంట్యాడ, గరివిడి మూడూ పోటీకి వస్తాయి. మన ఆదేశాలు అందుకుని నడిపే షెల్ ప్రోగ్రాము బాష్. సర్దుబాట్లేమీ చేయకపోతే అది అప్పుడు ఒక చప్పుడు చేసి ఊరుకుంటుంది. రెండోసారి నొక్కితేగానీ జాబితా చూపదు.

హోం డైరెక్టరీలో, అంటే మన సొంత ఫోల్డర్‌లో, మీటల సర్దుబాట్లు రాసుకునే డాట్ ఇన్‌పుట్‌ఆర్‌సీ (.inputrc) ఫైలులో 'సెట్ షో-ఆల్-ఇఫ్-యాంబిగ్యువస్ ఆన్' అని రాస్తే మొదటి నొక్కుకే జాబితా వస్తుంది. ఏళ్లుగా వాడుతున్నాను, వంక పెట్టలేను. అంతకన్నా మేలు చేసింది 'కంప్లీషన్-ఇగ్నోర్-కేస్'. మాకు ఫైళ్లు పదిమంది చేతుల మీదుగా వస్తాయి. ఒకరు గరివిడిని అన్నీ పెద్దక్షరాల్లో రాస్తారు, మరొకరు అన్నీ చిన్నక్షరాల్లో. ఇప్పుడు ఏది కొట్టినా దొరుకుతుంది. 'కంప్లీషన్-మ్యాప్-కేస్' కూడా తోడైతే పేరు మధ్యలో ఉన్నది హైఫనా, అండర్‌స్కోరా అన్న పట్టింపూ ఉండదు.

చాలామంది మెచ్చుకునే 'మెను-కంప్లీట్'తో మాత్రం నాకు పడలేదు. దాన్ని ట్యాబ్‌కు కట్టేస్తే నొక్కిన ప్రతిసారీ ఒక్కో పేరు వరుసలోకి వచ్చి కూర్చుంటుంది. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ తుడిచివేసే ఆదేశం రాస్తున్నప్పుడు, మనం అడగని పేరు తనంతట తానే అక్కడ చేరడం నాకు నచ్చదు. అందుకే దాన్ని షిఫ్ట్-ట్యాబ్‌కు ఇచ్చాను. ట్యాబ్ చూపిస్తుంది, షిఫ్ట్-ట్యాబ్ తిప్పుతుంది. ఈ ఏర్పాటు ఇక మార్చను.

ట్యాబ్ ఏ పేర్లను వదిలేయాలో బాష్‌కు చెప్పే 'ఎఫ్ఇగ్నోర్' (FIGNORE) అనే వేరియబుల్‌లో డాట్ బ్యాక్ (.bak) చేర్చితే, ఆ తోకతో ముగిసే పాత నకళ్లు జాబితాకు అడ్డం రావు. అయితే ఆ నకళ్లనే తొలగించాలనుకున్న రోజున పేరంతా చేత్తో కొట్టాలి. ట్యాబ్ సాయం చేయదు.

జెడ్‌షెల్ (zsh) అనే మరో షెల్‌లో బాణం మీటలతో ఎంచుకునే మెనూ ఇంతకన్నా అందంగా ఉంటుంది, కాదనను. 2019లో వచ్చిన కాటలీనా నుంచి మ్యాక్‌లో కొత్త ఖాతాలకు అదే షెల్. నేను లాగిన్ అయ్యే సర్వర్లలో ఉన్నది బాషే. పైగా ఇన్‌పుట్‌ఆర్‌సీ ఫైలును చదివేది రీడ్‌లైన్ అనే, టైపు చేసే వరుసను చూసుకునే లైబ్రరీ, కాబట్టి దానితో నడిచే ఇతర ప్రోగ్రాములకూ ఇవే అలవాట్లు వస్తాయి.

ఒక జాగ్రత్త: సొంత ఫైలు పెట్టుకుంటే రీడ్‌లైన్ ఈటీసీ (/etc) అనే సిస్టమ్ ఫోల్డర్‌లోని ఉమ్మడి ఇన్‌పుట్‌ఆర్‌సీ ఫైలును చదవదు. అదీ కావాలంటే దాన్ని కలుపుకొమ్మని చెప్పే, డాలర్ గుర్తుతో మొదలయ్యే ఇన్‌క్లూడ్ వరుసను మొదట్లోనే రాయండి. మార్పులు అమలు కావడానికి టెర్మినల్ మూసి తెరవనక్కర్లేదు. కంట్రోల్-ఎక్స్, వెంటనే కంట్రోల్-ఆర్ నొక్కితే చాలు.